తీగ తుడిచే గుడ్డ

పొద్దున్నే తీగ తుడుస్తా.
పాత నూలు గుడ్డ, మా యమ్మ కోకముక్క.
చెయ్యి అందినంత మేర చేత్తో,
నడిమికి గిలకకి కట్టి పంపిస్తా,
అవతలి గుట్ట మీద పిల్లోడు దారంతో లాక్కుంటాడు.
ఒక్క పోగు తెగినా గుడ్డ పట్టుకుంటాది.
ఎర్రగుంట్ల నాపరాయి గనిలో
పదకొండేండ్లు క్రేను తీగ కింద బతికినోన్ని,
తీగను నమ్మను. తుడుస్తా.

వారం కిందట వచ్చినామె పేరు మార్యత్త.
పేరులోనే అత్త ఉంది,
పిలిచేదానికి ఇబ్బంది లేదు.
ఫిన్లాండంట, అరవై మూడేండ్లంట,
పిట్ట బరువు.
గట్టున నిలబడి అటూ ఇటూ చూసి
అడవెక్కడ అనింది.
వాళ్ళ దేశంలో అడవిని తలెత్తి చూస్తారంట.
ఈడ తల దించల్ల తల్లీ అంటి.
కలివి, చండ్ర, బలుసు, రేగు,
మోకాటి కాడికి కొన్ని, నడుం దాకా కొన్ని,
అన్నిటికీ ముల్లుంది,
ముల్లు కింద ఎవరో ఒకరు కాపరముండారు.
గైడు పిల్లోడు దీన్ని ఇంగిలీషు చేసేటప్పటికి
రెండే మాటలైనాయి.

బెల్టు బిగిస్తి. కొక్కెం తగిలిస్తి.
పొమ్మంటి.

పెన్న పక్కనుంచి ఎదురుగాలి.
నడిమద్యన నిలబడిపోయింది
ఆరేసిన రవిక మాదిరి.
అరవలా. కాళ్ళు ఊపుకుంటా కూచునింది.
ఇంగ పోవాల్సింది నేనే.
మూడేండ్లుగా జనాన్ని తోసినోన్ని,
ఒక్కతూరీ ఎక్కినోన్ని కాదు.
కిందికి చూడొద్దని అందరికీ చెప్పే మాట
నాకు నేను చెప్పుకుంటే పనిచెయ్యలా.

కింద, కలివిపండ్లు ఏరుకుంటా
నా పెండ్లాము మాబున్ని.
గంప దించి, నడుం మీద చెయ్యి పెట్టి,
తలెత్తింది.
"యాడికి ఎలబారితివి?"
గుట్టకీ గుట్టకీ తగిలి
రెండుతూర్లు అడిగిందా మాట.
"ఫారినుకి!"

మార్యత్తకి ఏం అర్థమైందో, పకపకా నవ్వింది.
ఆ నవ్వుకి తీగ ఊగింది,
ఆ ఊపుకి నా పాణం పెన్నలో పడి లేసింది.

మాబున్ని నవ్వలా.
ఫారిను ఆమెది.
నాలుగేండ్లు కువైట్లో ఉండొచ్చింది.
ఏం చూస్తివని అడిగితే అప్పుడు,
వంటింటి కిటికీలోంచి ఒక నీళ్ళట్యాంకు,
దాని మీద ఒక పావురం అనింది.
ఇంగేం చెప్పలా. నేనూ అడగలా.

ఆ రాత్రి గుడారాల కాడ
సంగటి, ఊరిబిండి, కలివికాయ పచ్చడి.
మార్యత్త వేలు కాల్చుకొని, ఊదుకొని,
మళ్ళా ముద్దలో పెట్టింది.
కలివికోడి కూస్తాదేమోనని చెవులు నిక్కించుకొని కూచుంటిమి.
కూయలా.
దాన్ని చూసినోడు మా ఊర్లో ఒక్కడూ లేడు,
చూసినానని చెప్పేవాళ్ళు ఇరవై మంది.

పండుకునే ముందర
మార్యత్త తన గుడారం చూపించింది.
మాబున్ని వంగి లోపలికి పోయింది.
జిప్పు లాగింది. తెరిసింది. మళ్ళా లాగింది.
లోపల లైటు, గుడ్డ మీద ఆమె నీడ.
"నాకిచ్చిన గదీ ఇంతే ఉండె"
అనింది లోపల్నుంచి.
రొంతసేపు సద్దు లేదు.
"దీనికి జిప్పు లోపలి పక్క ఉండాది."

మార్యత్తకి తెలుగు రాదు.
అయినా బయటే కూచునింది,
దోమలకి శాలువా కప్పుకొని,
మాబున్ని తనంతట తాను వచ్చేదాకా.
గైడు పిల్లోడు నోరు తెరవబోతే
గమ్మునుండమంటి.

తెల్లారి, నా పుస్తకం మాబున్ని చేతిలో.
పేరు, బరువు, దేశం, మూడు గడులు.
పేరు రాసింది.
యాభై ఎనిమిది అని రాసింది.
మూడో గడి కాడ పెన్ను నోట్లో పెట్టుకొని
శానాసేపు నిలబడింది.
బద్వేలు పక్క, అని రాసింది.

నేనింగా గుడ్డతోనే ఉండా.
ఒకతూరి పంపిస్తి, వచ్చింది.
రెండోతూరి పంపిస్తాండా.
బెల్టు తానే బిగించుకుంటా
బిరీన కానీ, అంటాంది.

ఉండు మే.
ఒక్క పోగు.
ఒక్కొక్క పోగూ చూసుకోనీ.